బండి వచ్చేలోపల: అగ్నిమాపక దళము, మన కోవెల, మన వీధి

గడచిన శ్రీరామనవమి నాడు మా కోవెల వెనుకనున్న వంటశాలలో నిప్పు అంటుకొన్నది. పులిహోర పోపు కొరకు పెద్ద మూకుడులో నూనె కాగుతున్నది. వంట చూస్తున్న పెద్దమ్మ ఒక్క నిమిషము పక్కకు తిరిగినది. అంతలో నూనె దానంతట అదే భగ్గుమన్నది. దగ్గరనున్న యువకుడొకడు కంగారులో బిందెడు నీళ్లు తెచ్చి అందులో పోసినాడు. మంట ఒక్కసారిగా పైకప్పు వరకు లేచినది. లోపలి వారు వెనుక తలుపు వైపు పరుగెత్తినారు. ఆ తలుపుకు తాళము వేసి ఉన్నది. దొంగల భయముతో ఆ తాళము వేయించినది మేమే, అనగా కోవెల సంఘము వారమే. తాళపుచెవి మాలో ఒకరి జేబులో ఉన్నది. ఆయన ముందు పందిరిలో పానకము పంచుతున్నారు.

రాములవారి దయ వలన ఎవరి ప్రాణమూ పోలేదు. పెద్దమ్మకు మాత్రము చేయి కాలి, చాలా వారములు వైద్యము చేయించుకోవలసి వచ్చినది. అగ్నిమాపక దళము వారు వచ్చి మంటను పూర్తిగా ఆర్పినారు. వారి నాయకుడు మసిబారిన గోడలన్నీ చూసి, మమ్మల్ని పిలిచి అడిగిన మొదటి మాట ఇది: "ఈ తలుపు తాళము ఎవరి దగ్గర ఉంటుంది?" మాలో ఎవరమూ వెంటనే జవాబు చెప్పలేకపోయినాము.

ఆ తరువాత కొన్ని నెలలు ఆ స్టేషను వారితో కలిసి పనిచేసినాము. ఈ దేశములో అగ్నిమాపక దళము ఊరివారితో ఎట్లా చేయి కలుపుతుందో, మన వంతు పని ఏమిటో అప్పుడు తెలిసినది. తెలుగు మరల నేర్చుకొంటున్న మన పిల్లల కొరకు ఆ సంగతులను ఇక్కడ వ్రాస్తున్నాము.

బొంబా అనే మాట, దాని వెనుక కథ

మలేసియాలో అగ్నిమాపక దళమును అందరమూ "బొంబా" అంటాము. పోర్చుగీసు భాషలో ఆ మాటకు నీటిని తోడి కొట్టే యంత్రము అని అర్థము. పోర్చుగీసు వారు 1511లో మలక్కాను పట్టుకొన్నారు. వారి మాటలు అనేకము మలయు భాషలో నిలిచిపోయినవి. వాటిలో ఇది ఒకటి.

1881లో కౌలాలంపూరు పట్టణము చాలా భాగము కాలిపోయినది. ఆనాటి ఇళ్లు కలపతోనూ ఆకులతోనూ కట్టినవి. అందుచేత పట్టణమును ఇటుకలతో, పెంకులతో తిరిగి కట్టవలెనని ఆనాటి ప్రభుత్వము ఆదేశించినది. ఆ ఇటుకలు కాల్చిన బట్టీల వలననే నేటి బ్రిక్‌ఫీల్డ్సుకు ఆ పేరు వచ్చినది. 1883లో సెలంగోరు స్వచ్ఛంద అగ్నిమాపక దళము ఏర్పడినది. హెచ్.ఎఫ్. బెల్లమీ అనే ఆయన నాయకత్వములో పదునలుగురు స్వచ్ఛంద సేవకులు అందులో ఉన్నారు. ఈ దేశపు బొంబా మొదలు జీతగాళ్లతో కాలేదు, ఊరివారితోనే అయినది. తరువాత ఎక్కడికక్కడ వేరువేరుగా ఉన్న దళములన్నిటినీ 1976 జనవరి 1 నుండి కేంద్ర ప్రభుత్వము తన చేతిలోకి తీసుకొన్నది. 1997లో పేరులో "రక్షణ" అనే మాట కూడా చేరినది. నేడు ఆ శాఖ మంటలు ఆర్పుటయే కాక రోడ్డు ప్రమాదములలోను, వరదలలోను, కొండచరియలు విరిగిపడినప్పుడు కూడా మనుషులను కాపాడుతున్నది.

పూర్వము మనవారు ఏమి చేసేవారు

మన పెద్దలు విశాఖపట్నము, శ్రీకాకుళము ప్రాంతముల నుండి ఓడలెక్కి వచ్చినవారు. అక్కడి పూరిళ్లు, తాటాకు ఇళ్లు వేసవిలో ఒకదాని వెంట ఒకటి అంటుకొనేవి. అందుచేత నిప్పు అంటే వారికి భక్తితో పాటు భయమూ ఉండేది. పొయ్యి ఆర్పకుండా పడుకోరాదని మా అమ్మమ్మలు చెప్పేవారు.

ఇక్కడ తోటలలో వారికి దొరికినవి లైను ఇళ్లు. కలప గోడలు, రేకుల కప్పు, పది పన్నెండు కాపురములకు ఒకే వరుస. ఒక ఇంట నిప్పు పుడితే కప్పు కింది ఖాళీ గుండా అది వరుస అంతా పాకేది. రబ్బరు తోటలలో షీట్లను పొగపట్టే ఇళ్లు, దిగువ పేరాక్ కొబ్బరి తోటలలో కొబ్బరి ఎండబెట్టే బట్టీలు, ఇవన్నీ రాత్రింబవళ్లు నిప్పుతో నడిచేవే. ప్రమాదము వస్తే తోట గంట మ్రోగేది. పెరట్టుకు ఎట్లా వరుసకట్టేవారో అట్లాగే వరుసకట్టి, బావి నుండి బాల్చీలు చేతులు మార్చుకొనేవారు. ఏ ఇంట్లో బాలింత ఉన్నదో, ఏ ఇంట్లో ముసలివారు మంచము పట్టి ఉన్నారో లైనులో అందరికీ తెలుసు.

నేడు తోటలు చాలా వరకు పోయినవి. మనవారు పట్టణముల అంచున వరుస ఇళ్లలోను, అంతస్తుల ఇళ్లలోను ఉంటున్నారు. బొంబా బండ్లు మెరుగైనవి, నీటి గొట్టములు వచ్చినవి. కాని పక్కింటిలో ఎవరున్నారో మనకు తెలియదు. మనము పోగొట్టుకొన్నది అదే.

బండి వచ్చేలోపల

సామాన్లు నిండిన గదిలో నిప్పు పుడితే కొద్ది నిమిషములలోనే గది అంతా మండిపోగలదు. నేటి ఇళ్లలో స్పంజి పరుపులు, ప్లాస్టిక్ వస్తువులు ఎక్కువ గనుక మంట మరీ వేగముగా పెరుగుతుంది. మంటకన్న ముందు పొగ మనిషిని పడగొడుతుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారు మేలుకోకుండానే ప్రాణము పోవచ్చును.

స్టేషను ఎంత దగ్గరగా ఉన్నా, ఎవరో చూడవలెను, 999కి ఫోను చేయవలెను, బండి బయలుదేరవలెను, దారి దొరకవలెను. ఆ మొదటి నిమిషములు బొంబావి కావు, అక్కడ ఉన్నవారివే. అందుచేతనే దళము వారు తమ పనిలో ఒక భాగమును ఊరివారి చేతిలో పెడుతున్నారు. ఆ ఏర్పాట్లు ముఖ్యముగా ఇవి.

మొదటిది బొంబా సుకరెలా, అనగా స్వచ్ఛంద దళము. స్టేషనుకు దూరముగా ఉన్న చిన్న ఊళ్లలో అక్కడివారే శిక్షణ పొంది, నమోదు చేయించుకొని, తమ ఊరిలో ముందుగా రంగములోకి దిగుతారు. కొన్ని చోట్ల వారికి సొంత బండి కూడా ఉన్నది. చైనీయుల కొత్త గ్రామములు అనేకములో ఇటువంటి దళములు ఉన్నవి.

రెండవది బొంబా కొమ్యూనిటి, అనగా వాడకట్టు దళము. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్నచోట నీటి హైడ్రంటు పక్కన గొట్టములు, వాటి మూతిచివరలు ఒక పెట్టెలో ఉంచుతారు. వాటిని బిగించి నీరు కొట్టుట అక్కడి వారికి నేర్పుతారు. బండి వచ్చేవరకు మంటను పక్కింటికి పోకుండా ఆపుట వారి పని.

మూడవది బడిపిల్లల కదెత్ బొంబా. నిప్పు లక్షణము, ప్రథమచికిత్స, బయటకు నడిపించు పద్ధతి వారు నేర్చుకొంటారు. మా కోవెలలో ఇప్పుడు మంటలార్పు సీసాలను నెలకొకసారి చూచేది అటువంటి ఒక అమ్మాయే. మాకన్న ఆ పిల్లకే అందులో ఎక్కువ తెలుసు.

నాలుగవది ఇతర శాఖలతో పొత్తు. మంట ఉన్న ఇంటికి విద్యుత్ సంస్థ కరెంటు ఆపవలెను. నీటి సంస్థ హైడ్రంటులో నీరు ఉండేటట్లు చూడవలెను. కువాలా లంగాట్, క్లాంగ్ ప్రాంతములలో పీటు నేల ఎండినప్పుడు నిప్పు నేల లోపల రోజుల తరబడి కాలుతుంది. పైన ఎంత నీరు చల్లినా చాలదు. కాలువలకు అడ్డుకట్టలు వేసి నేలలో నీటి మట్టమును పెంచవలెను. అది నీటిపారుదల వారు, రైతులు కలిసిరాక జరిగే పని కాదు.

2025 ఏప్రిల్ 1న పుత్ర హైట్సులో భూమిలోని వాయు గొట్టము పగిలి మండినప్పుడు దేశమంతా దీనిని చూసినది. హరిరాయ పండుగ రెండవ నాడు, ఉదయము వేళ. ఆకాశమంటిన ఆ జ్వాలను నీటితో ఆర్పుట సాధ్యము కాదు. వాయు సంస్థ వారు కవాటములు మూసివేసిన తరువాతనే, గొట్టములో మిగిలినది మండి అయిపోయి మంట ఆరినది. ఆలోగా బొంబా వారు, పోలీసులు చుట్టుపక్కల ఇళ్లవారిని బయటకు తెచ్చినారు. ఇల్లు విడిచినవారికి పుత్ర హైట్సు మసీదు ఆశ్రయమైనది. అటువంటి సమయమున ప్రార్థనాస్థలము ఏమి చేయగలదో మేము అప్పుడు గ్రహించినాము. పెద్ద కూడలి, మరుగుదొడ్లు, వంటశాల, నమ్మిన మనుషులు, ఇవన్నీ మన కోవెలలలో కూడా ఉన్నవి.

వంటశాలలో నేర్చుకొన్నది

స్టేషను వారు ఒక ఆదివారము మా కోవెలకు వచ్చి, మంట పుట్టిన చోటనే మాకు పాఠము చెప్పినారు. నిప్పుకు మూడు కావలెను: మండే వస్తువు, వేడి, గాలి. ఒక్కటి తీసివేస్తే నిప్పు నిలువదు.

కాగుతున్న నూనె అంటుకొంటే నీళ్లు పోయరాదు. నీరు నూనెకన్న బరువు గనుక అడుగుకు పోతుంది. అక్కడ ఒక్క క్షణములో ఆవిరియై వందల రెట్లు పెరిగి, మండే నూనెను పైకి చిమ్ముతుంది. మా వంటశాలలో జరిగినది సరిగ్గా అదే. చేయవలసినది పొయ్యి ఆపి, మూకుడును కదిలించకుండా, పెద్ద మూతతో గాని పళ్లెముతో గాని కప్పుట. గాలి అందక మంట ఆరుతుంది. చల్లారేవరకు మూత తీయరాదు.

నీళ్లు పోసిన యువకుడు ఆనాటి నుండి కోవెలకు రావడానికే సిగ్గుపడినాడు. ఈ పాఠము విన్న తరువాత మేము అతని ఇంటికి వెళ్లి, తప్పు నీది కాదు నాయనా, నీకు నేర్పని మాది అని చెప్పినాము. ఇప్పుడు పండుగనాడు వంటశాల బాధ్యత అతనిదే. పొయ్యి పక్కన మూత పెట్టించనిదే నూనె పోయనీయడు.

వంట వాయువు గాలికన్న బరువైనది. కారితే నేలమీద పాకి, మూలల్లో నిలుస్తుంది. వాసన వస్తే దీపము వెలిగించరాదు, స్విచ్చు వేయరాదు, తీయరాదు. సిలిండరు మూసి, తలుపులు తెరచి, బయటకు పోవలెను. మా రబ్బరు గొట్టమునకు పగుళ్లు ఉన్నట్లు ఆ రోజు వారు చూపేవరకు మాకు తెలియదు.

మంటలార్పు సీసాలు మాకు రెండు ఉన్నవి. రెండూ ఉత్సవ వాహనము వెనుక, దుమ్ములో పడి ఉన్నవి. గడువు ఎన్నడో తీరినది. పొడి సీసా పది పదిహేను సెకన్లలోనే అయిపోతుందని కూడా మాలో ఎవరికీ తెలియదు. పిన్ను లాగి, మూతిని మంట మొదలు వైపు పెట్టి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపవలెను. మన వెనుక బయటకు పోయే దారి ఉండవలెను. సీసా అయినా మంట ఆరకపోతే ఇక నిలువరాదు.

తలుపులు, కిటికీలు

2017 సెప్టెంబరు 14న, ఇంకా తెల్లవారకముందే, కౌలాలంపూరులో ఒక మతపాఠశాల వసతిగదిలో మంటలు లేచి 23 మంది మరణించినారు. వారిలో ఎక్కువ మంది పిల్లలు. కిటికీలకు తెరుచుకోని ఇనుప కడ్డీలు ఉన్నవి. బయటపడే దారి మంట ఉన్న వైపే ఉన్నది. ఆ వార్త నాడు మేమూ కన్నీరు పెట్టినాము. కాని మా కోవెల వెనుక తలుపు తాళము మాకు గుర్తుకు రాలేదు. ఇతరుల దుఃఖము నుండి మనము ఎంత తక్కువ నేర్చుకొంటామో చెప్పుటకే దీనిని వ్రాస్తున్నాము.

1988 నాటి అగ్నిమాపక సేవల చట్టము ప్రకారము, ప్రమాదకరమైన స్థితిని తొలగించమని నోటీసు ఇచ్చే అధికారము శాఖకు ఉన్నది. హైడ్రంటును కప్పివేయుట, పాడుచేయుట నేరము. మాతో మాత్రము వారు చట్టముతో మొదలుపెట్టలేదు. మాతో కూర్చొని, మా భయము విన్నారు. మా సంఘములో వాదము జరిగినది. హుండీ ఒకసారి దొంగలపాలైనది, తాళము తీస్తే మరల పోతుంది అని కొందరన్నారు. చివరకు దళము వారే దారి చూపినారు: బయటి నుండి తెరుచుకోని, లోపలి నుండి మాత్రము తాళపుచెవి లేకుండా తోస్తే తెరుచుకొనే గడియ. దాని ఖర్చు ఒక పూట అన్నదానము ఖర్చు కన్న తక్కువే అయినది.

ఇళ్లలో కడ్డీలకు తాళము తప్పదనుకొంటే, తాళపుచెవి ఆ కిటికీ దగ్గరనే, దొంగచేతికి అందనిచోట, ఇంటివారందరికీ తెలిసిన మేకుకు వ్రేలాడవలెను. రాత్రి చీకటిలో పొగలో దానిని పిల్లవాడు కూడా తడిమి తీయగలగవలెను.

భాష కూడా ఒక తలుపే

దళము వారు మాకు ఒక పని అప్పగించినారు. అది వారు చేయలేరు, మనమే చేయగలము. ప్రతి వీధిలో నడవలేనివారు, చెవి వినబడనివారు, ఒంటరిగా ఉండేవారు ఎవరో తెలుసుకొని ఉంచుట. మేము ఇల్లిల్లు తిరిగినాము. మంచము పట్టినవారు నలుగురు మేడమీద పడుకొంటున్నారని తెలిసినది. ముగ్గురిని వారి పిల్లలు కింది గదికి మార్చినారు. నాలుగవ వారి ఇంట మాట సాగుతున్నది. ఈ జాబితా గోడకు అంటించేది కాదు. వీధికి ఇద్దరి వద్దనే ఉంటుంది.

ఇంకొక సంగతి బయటపడినది. మన ముసలివారు కొందరు భయములో మలయు మాట మరచి, తెలుగులోనే అరుస్తారు. "అగ్గి! అగ్గి!" అన్నది వారి మాట. మలయులో నిప్పును "ఆపి" అంటారు, సహాయము కోరుటకు "తొలోంగ్" అంటారు. పక్కింటి మలయు, చైనీయ కుటుంబములకు "అగ్గి" అంటే ఏమిటో చెప్పినాము. మన తాతమ్మలకు "ఆపి" నేర్పినాము. తెలుగు నేర్చుకొంటున్న పిల్లలారా, మీరు నేర్చుకొనే మాటలలో ఇవి కూడా ఉండనీయండి: నిప్పు, మంట, పొగ, గడియ, తాళపుచెవి, "వంగి నడువు", "వెనక్కి రావద్దు". అర్ధరాత్రి మీ తాతమ్మకు అర్థమయ్యే మాట మీ నోటనే ఉండవచ్చును.

999కి ఫోను చేసినప్పుడు ముందు చిరునామా చెప్పవలెను, తరువాత ఏమి కాలుతున్నదో, లోపల ఎవరైనా ఉన్నారో చెప్పవలెను. కోవెల పేరు మనకు తెలిసినట్లు వారికి తెలియదు. అందుచేత మేము కోవెల పూర్తి చిరునామాను మలయు భాషలో పెద్ద అక్షరములతో వ్రాసి, ఫోను దగ్గర, వంటశాలలో, పందిరి స్తంభము మీద పెట్టినాము.

పండుగలు

1991 మే 7న సుంగై బూలోలో టపాకాయల కర్మాగారము పేలి, ఇరవై మందికి పైగా మరణించినారు. ఆ తరువాత టపాకాయల మీద అదుపు బిగిసినది. దీపావళి నాడు అనుమతి లేని సరుకును "మన ఆచారము" అనే పేరుతో వెనకేసుకురావద్దు. భోగి మంట వేయదలచినవారు ముందుగా స్టేషనులో అడుగవలెను. 1974 నాటి పర్యావరణ చట్టము బహిరంగముగా చెత్త కాల్చుటను నిషేధించినది. టైర్లు, ప్లాస్టిక్ భోగిలో వేయుట ఏ శాస్త్రములోనూ లేదు. హారతి పళ్లెము దగ్గర పట్టుచీర కొంగును, పైపంచను నడుముకు చెక్కుకోవలెను. పందిరి దీపముల తీగలను ఒకే ప్లగ్గుకు గుత్తిగా తగిలించరాదు. రథము నిలిపేచోట, బండ్లు ఆపేచోట హైడ్రంటును విడిచిపెట్టవలెను. మా వీధిలోని హైడ్రంటు ముందు ఆ శ్రీరామనవమి నాడు మూడు కార్లు ఉన్నవి. అందులో ఒకటి మా సంఘము వారిదే.

చేయవలసినది

మీ కోవెల సంఘము వారు దగ్గరి బొంబా స్టేషనుకు స్వయముగా వెళ్లి, ఒకసారి వచ్చి చూడమని అడగండి. మేము ప్రమాదము జరిగిన తరువాత వెళ్లినాము. మీరు ముందే వెళ్లండి. వారు చెప్పినవి వ్రాసుకొని, ఎవరి పేరున ఏ పని ఉన్నదో తేల్చండి. పేరు లేని పని ఎవరూ చేయరు. ఏటా ఒకసారి, పండుగకు ముందటి ఆదివారము, భక్తులందరూ బయటకు నడిచే అభ్యాసము చేయండి. మొదటిసారి మాకు నవ్వులతో గడిచినది. రెండవసారి వెనుక తలుపు గుండా అందరమూ క్రమముగా బయటకు వచ్చినాము. కాలిన చేతితో ఆ పెద్దమ్మ అందరికన్న ముందు నడిచినది.

మొన్న దళము నాయకుడు మరల వచ్చినారు. వెనుక తలుపు దగ్గర నిలిచి అదే ప్రశ్న అడిగినారు. ఈసారి జవాబు మేము చెప్పలేదు. అక్కడ ఆడుకొంటున్న ఆరేళ్ల పిల్లవాడు వచ్చి గడియను తోసి తలుపు తెరిచి చూపినాడు.